జమ ఎవరి పేర వ్రాయవలెను?

ఒక వ్యాపారము వృద్ధిలోనికి వచ్చినప్పుడు ఆ ఘనత ఎవరికి చెందవలెనను ప్రశ్న వర్తకులకు క్రొత్తది కాదు. యజమానికా, పెట్టుబడి పెట్టినవానికా, పనివారికా, సరకు కొన్నవారికా, లేక కాలము కలసివచ్చుటకా? ఈ విషయమును మన అంగళ్ళను బట్టి చర్చించిన యెడల ప్రతివాడు తన అంగడినే మనసులో పెట్టుకొని మాటాడును. అందుచేత మనకు దూరపుదైన చౌక విమానముల వ్యాపారమును ఉదాహరణముగా తీసికొనుచున్నాను. చదువరులలో కొందరికి ఆ కంపెనీల షేర్లు ఉండవచ్చును. ఉన్నవారు ఈ నాలుగు పుటలు చదువునంతసేపు ఆ సంగతి మరచిపోవలెనని ప్రార్థన.

మా ఏరియూరు విమానములతో సంబంధమున్న ఊరు కాదు. పెన్నాగరము పోవలెనన్న బస్సు, కావేరిలో పోవలెనన్న పుట్టి. ఆకాశములో పోవుదానిని తల యెత్తి చూచుటయే గాని దాని లాభనష్టములతో మాకేమి పని అని చాలకాలము అనుకొన్నాము. 2020 నవంబరులో, కరోనా వలన సినిమా హాళ్ళు సరిగా నడవని రోజులలో, ‘సూరరై పోట్రు’ అను తమిళ చిత్రము ఫోనుల ద్వారా ఇండ్లలోనికే వచ్చినది. సుధ కొంగర దర్శకత్వము, సూర్య కథానాయకుడు. తెలుగులో దాని పేరు ‘ఆకాశం నీ హద్దురా’. మా వీథిలో పెద్దలు తెలుగులోను, పిల్లలు తమిళములోను చూచినారు. పల్లెటూరి బడిపంతులు కుమారుడొకడు, బీదవాడు కూడ విమానమెక్కవలెనని పట్టుబట్టి, అందరిని ఎదిరించి, కంపెనీ పెట్టి గెలిచిన కథ అది. 2022లో ప్రకటించిన జాతీయ బహుమతులలో ఉత్తమ చిత్రముగా నిలిచినది. చూచినవారందరు ఒకేమాట అన్నారు: “ఒక్కడు! ఒక్కడే చేసినాడు!”

ఆ కథకు మూలమైన మనిషి కెప్టెన్ జి. ఆర్. గోపీనాథ్. హాసన్ జిల్లా గోరూరులో పెరిగినవాడు. సైన్యములో పనిచేసి, 1971 యుద్ధము చూచి, చిన్న వయసుననే రాజీనామా యిచ్చి, బీడుభూమిలో సేద్యము చేసినాడు, పట్టుపురుగులు పెంచినాడు. ఆ సేద్యమునకు 1996లో రోలెక్స్ బహుమతి వచ్చినది. 1997లో సైన్యపు మిత్రుడు కెప్టెన్ కె. జె. శామ్యూల్‌తో కలసి హెలికాప్టర్లు అద్దెకిచ్చు కంపెనీ పెట్టినాడు. 2003 ఆగస్టులో బెంగుళూరు కేంద్రముగా ఎయిర్ డెక్కన్ ప్రారంభించినాడు. ఆర్. కె. లక్ష్మణ్ గీసిన సామాన్య మానవుని బొమ్మయే ఆ కంపెనీ గుర్తు. భోజనము లేదు, ఆడంబరము లేదు. కొన్ని సీట్లను ఒక రూపాయికే అమ్మినారు. అదే సంవత్సరము సెప్టెంబరులో, హైదరాబాదు నుండి విజయవాడకు వారి తొలి విమానము బేగంపేటలో బయలుదేరబోవుచుండగా ఇంజనులో మంటలు వచ్చినవి. లోపల వెంకయ్యనాయుడుగారు మొదలైన పెద్దలున్నారు. దైవవశమున ప్రాణనష్టము లేదు. మరియొకడైన అంతటితో తలుపులు మూసియుండును. అతడు మూయలేదు. నాలుగేండ్లలో అరువదికి పైగా ఊళ్ళకు విమానములు నడిపినాడు. ఇంతవరకు సినిమా కథ సత్యమునకు చాల దగ్గరగానే ఉన్నది.

కాని సినిమా ఆగిన చోటనే లెక్కల పుస్తకము మొదలగును. ఎయిర్ డెక్కన్ జనమును సంపాదించినది గాని లాభమును సంపాదింపలేదు. 2006లో షేర్లు అమ్మజూపినప్పుడు కొనువారు కరవై గడువు పొడిగింపవలసి వచ్చినది. 2007లో విజయ్ మాల్యా వర్గమువారు సుమారు 550 కోట్ల రూపాయలకు 26 శాతము వాటా కొన్నారు. 2008లో పేరే మారి కింగ్‌ఫిషర్ రెడ్ అయినది. సామాన్య మానవుని బొమ్మ పోయి, పిట్ట బొమ్మ వచ్చినది.

అదే కాలమున, 2006 ఆగస్టు 4వ తేదీన, ఇండిగో తొలి విమానము లేచినది. రాహుల్ భాటియా, రాకేశ్ గంగ్వాల్ అను ఇద్దరిది ఆ కంపెనీ. ఒకరు ఢిల్లీలో ప్రయాణపు వ్యాపారములో చేయి తిరిగినవారు; మరియొకరు అమెరికాలో పెద్ద విమాన కంపెనీని నడిపినవారు. ఒక్క విమానమైనను ఎగురకముందే, 2005లో, 100 ఎయిర్‌బస్ విమానములకు ఆర్డరు ఇచ్చినారు. టోకు బేరపు మహిమ నా తోడి వర్తకులకు వేరుగా చెప్పనక్కర లేదు. నూరు బస్తాలు ఒక్కమాటున కొనువానికి వచ్చు ముదరా, పది బస్తాలు కొనువానికి రాదు. అట్లు చౌకగా కొన్నవానిని అద్దె కంపెనీలకు ఎక్కువ ధరకు అమ్మి, వారివద్దనే మరల అద్దెకు తీసికొన్నారు. చేతిలో సొమ్ము నిలిచినది. విమానము పాతబడకముందే తిరిగి ఇచ్చివేయవచ్చును. కొన్నేండ్లకే దేశములో ఎక్కువమందిని మోయు కంపెనీ అయినది. 2023లో ఒకేసారి 500 విమానములకు ఆర్డరిచ్చినది.

ఇప్పుడు ఘనత ఎవరిది? బీదవానికి ఆకాశము చూపినవాడు నష్టపోయినాడు. ఆ తరువాత వచ్చినవారు లాభము పొందినారు. ఒక రూపాయి టిక్కెట్టుతో మొదటిసారి విమానమెక్కి భయము తీర్చుకొన్న ప్రయాణికుడు, రెండవసారి ఇండిగో టిక్కెట్టు కొన్నాడు. అడవిలో బాట కొట్టినవాడు ఒకడు, ఆ బాటపై సంత పెట్టినవాడు వేరొకడు.

బెంగుళూరులో ఉద్యోగము చేయు మా అల్లుడు దీనిని ఒప్పుకొనడు. పోయిన దీపావళికి వచ్చినప్పుడు ఈ మాటే వచ్చినది.

“మామయ్యగారూ, కష్టపడ్డవాళ్ళందరికీ పేరు రావాలంటే ఎలా? డబ్బు పోతుందని తెలిసి కూడా పెట్టినవాడిది ధైర్యం. పైలట్‌కి జీతం వస్తుంది, లోడరుకి జీతం వస్తుంది. వాళ్ళ లెక్క నెలాఖరుకే సరి. మిగిలిన పేరు యజమానిదే.”

“జీతము రాకపోతేనో, బాబూ?” అన్నాను.

“రాకపోతే మానేసి ఇంకో చోటికి పోతారు.”

ఈ వాదము నేటి చదువుకొన్నవారిలో చాలమందిది. దీనిలో బలమున్నది. సాహసము లేని వ్యాపారము లేదు. కాని సాహసమును తూచునప్పుడు, ఓడినచో ఎవడు ఎంత కోల్పోవునో చూడవలెను. మా తాతల నాడు వర్తకుడు దివాలా తీసినచో ఇల్లు, ఇంటి ఆడవారి నగలు, ఊరిలో మాట, అన్నియు పోయెడివి. నేటి కంపెనీ చట్టములో షేరుదారుడు తాను పెట్టిన వాటా సొమ్మునకు మించి బాధ్యుడు కాడు. ఆ చట్టము చెడ్డదని నేననను. అది లేకున్న నూరు విమానములు కొను ధైర్యము ఎవనికి వచ్చును? అయినను ఆ చట్టము ఉన్నంతవరకు సాహసమంతయు యజమానిదే అని చెప్పుటకు వీలులేదు.

కింగ్‌ఫిషర్ సంగతి చూడుడు. 2012 అక్టోబరులో దాని విమానములు నిలిచిపోయినవి. అప్పటికే నెలల తరబడి జీతములు లేవు. బ్యాంకులకు బాకీ వేల కోట్లు; బ్యాంకు సొమ్మనగా మన బోటివారి డిపాజిట్ల సొమ్మే గదా. యజమాని 2016 మార్చిలో దేశము విడిచినాడు. ఆ కంపెనీని తిట్టుటకై దీనిని చెప్పుటలేదు. అందరు తిట్టుచునే ఉన్నారు. నేను చూచునది ఒక్క విషయము. గెలుపునాడు పత్రికలలో ఒక్కరి ఫోటో వచ్చినది. ఓటమినాడు నష్టము వేలమంది పేర ఖర్చు వ్రాయబడినది. విమానములో నీళ్ళు అందించిన పిల్ల, రెంచి పట్టిన మెకానిక్కు, సామాను మోసినవాడు, వీరందరు ఆ ఖర్చులో భాగస్వాములు. నష్టమునకు భాగస్వాములైనవారు లాభపు ఘనతకు మాత్రము కూలివారా? “మానేసి ఇంకో చోటికి పోతారు” అని మా అల్లుడు సులభముగా అన్నాడు గాని, ఒక రకపు విమానమునకే తయారైన పనివానికి ఇంకొక చోటు దొరకుట అంత సులభము కాదు.

మరికొందరు వేరొక కొలబద్ద పట్టుకొందురు. “అతడు లేకున్న ఇది జరిగెడిదా?” అని అడుగుడు, ఎవడు లేకున్న జరుగదో వానికే ఘనత ఇండు అందురు. వినుటకు బాగున్నది. మాకు దగ్గరనున్న హొగెనక్కల్‌లో పుట్టిని చూచినవారు దీనిని ఆలోచింపవలెను. వెదురు బద్దల అల్లిక, పైన తొడుగు, అడుగున తారు పూత, చేతిలో తెడ్డు. వీనిలో ఏది లేకున్నను పుట్టి నీటిపై నిలువదు. తారు లేకున్న మునుగును గనుక పుట్టిని తారే నడిపినదందుమా? అనము. పోనీ, తెడ్డు వేసినవాడే సర్వము అందుమా? తారు పూసినవాడు ఇంటివద్ద నిద్రపోవుచుండగా వాని పని నీటి అడుగున మేలుకొనియే ఉన్నది. ఈ కొలబద్ద పట్టుకొన్న యెడల ప్రతివాడును తాను లేకున్న జరుగదనును, అది నిజమే. అంతటితో తగవు తీరదు సరిగదా, మొదలగును. ఇంకొక చిక్కు గలదు. దేశములో ప్రైవేటు విమానములకు చట్టము దారి విడిచినది 1994లో. చౌక విమానములు అమెరికాలోను ఐరోపాలోను అంతకు ముందే నడిచినవి. గోపీనాథ్ లేకున్న రెండేండ్లకో మూడేండ్లకో మరియొకడు వచ్చియుండును. అంతమాత్రమున అతని ఘనత తగ్గునా? తగ్గదనియే నా అభిప్రాయము. ఇతరులు వచ్చి యుందురను ఊహ, వచ్చినవాని కష్టమును చెరిపివేయదు.

కాబట్టి ఊహలు మాని, చౌకదనము ఎచ్చట పుట్టినదో వెదకుట మేలు. టిక్కెట్టు చౌక యగుట యజమాని దయ వలన కాదు. ఆకాశములో ఉన్నంతసేపే విమానము సంపాదించును. నేలపై నిలిచినంతసేపు అద్దె, వడ్డీ తినుచుండును. లారీ పెట్టిన ప్రతివానికి ఇది తెలియును. మా అంగడికి చింతపండు లోడు దించుటకు లారీ వచ్చినప్పుడు, హమాలీలు గంటలో దించిరా, మధ్యాహ్నము వరకు సాగదీసిరా అనుదానిపై ఆ లారీవాని నాటి బేరము ఆధారపడియుండును. విమానమునకును అంతే. దిగిన విమానములోనుండి నూట ఎనుబది మందిని దింపి, చెత్త ఏరి, సామాను మార్చి, నూనె పోసి, మరల నూట ఎనుబది మందిని ఎక్కించుట అరగంటలో జరిగిన యెడల ఆ విమానము రోజుకు ఒక ప్రయాణము అదనముగా చేయును. లాభము ఆ అదనపు ప్రయాణములో ఉన్నది.

ఈ కిటుకు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున పుట్టిన విధము చెప్పదగినది. అక్కడ సౌత్‌వెస్ట్ అను కంపెనీ 1971 జూనులో విమానములు నడుపసాగినది. మరుసటి సంవత్సరము సొమ్ము చాలక తనకున్న నాలుగు విమానములలో ఒకదానిని అమ్ముకొన్నది. నాలుగింటితో నడుపు రాకపోకలను మూడింటితోనే నడుపవలెనన్న, ఒక్కొక్క విమానమును పది నిమిషములలో మరల పైకి లేపవలెను. బిల్ ఫ్రాంక్లిన్ అను నేలపని అధికారి అది సాధ్యమన్నాడు; అక్కడి పనివారు చేసి చూపినారు. కంపెనీ బ్రతికినది. లోకములో చౌక విమానములకు అది పాఠశాల అయినది. నేడు ఆ కంపెనీ పేరు చెప్పిన అందరు తలచునది హెర్బ్ కెల్లెహర్‌ను. ఆయన అప్పుడు కంపెనీ న్యాయవాది. పెద్ద కంపెనీలు వేసిన వ్యాజ్యములను ఏండ్లకొలది ఎదుర్కొని ఇది పుట్టుటకే కారకుడైనాడు, గొప్పవాడే. ఆ మొదటి రోజులలో కంపెనీని నడిపిన అధ్యక్షుడు లామార్ మ్యూజ్. ఆయన పేరు ఎందరికి తెలియును? పది నిమిషములలో సామాను మార్చిన కళాసుల పేర్లు అసలే తెలియవు.

ఇక్కడ మా గుమాస్తా మాట చెప్పవలెను. ముప్పది యేండ్లుగా మా అంగడిలో చిట్టా, ఆవర్జా వ్రాయుచున్నాడు. అల్లుడును నేనును వాదించుకొనుచుండగా ఒక మూల కూర్చుండి కూడికలు వేయుచు, తల యెత్తకుండనే అన్నాడు:

“అయ్యా, జమ ఎవరి పేర రాయాలని మీరు పొద్దుట్నుంచీ మాట్లాడుతున్నారు. జమ అంటే పొగడ్త కాదు గదా. మన పుస్తకంలో ఒకరి పేర జమ రాశామంటే, వాళ్ళకి మనం బాకీ ఉన్నామని.”

ఇంతకంటె సూటియైన మాట ఈ విషయమున నేను వినలేదు. వర్తకులమై యుండియు ఘనత అనగానే శాలువ, పూలదండ, ఫోటో అనుకొనుచున్నాము. మన ఆవర్జాలో మాత్రము జమ అనునది శాలువ కాదు, తీర్చవలసిన పద్దు. రైతు వేరుశనగ తెచ్చి పోసి, సొమ్ము తరువాత తీసికొందునని వెళ్ళినప్పుడు వాని పేర జమ వ్రాయుదుము. వానిని పొగడి పంపివేసిన యెడల పద్దు చెల్లదు.

ఈ దృష్టితో చూచిన యెడల చిక్కుముడి చాలవరకు విడిపోవును. ఘనత ఎవరిదను ప్రశ్న, ఎవరికి ఇంకను ఏమి బాకీ ఉన్నదను ప్రశ్నగా మారును. గోపీనాథ్ పేర పెద్ద జమ ఉన్నది; బీదవాడు విమానమెక్కుట హాస్యము కాదని దేశమునకు చూపినాడు. ఆ బాకీ చాలవరకు తీరినది: వాటా అమ్మగా సొమ్ము వచ్చినది, తానే వ్రాసిన పుస్తకము వచ్చినది, సినిమా వచ్చినది, గౌరవము వచ్చినది. శామ్యూల్ పేర కూడ జమ ఉన్నది. సినిమాలో ఒక్కడే వీరుడు గనుక అది తీరినట్లు తోచదు. ఇండిగో స్థాపకుల పేర ఉన్న జమను వారు షేర్ల రూపమున నిండుగా తీసికొన్నారు. 2019లో వారిద్దరు తగవు పడినప్పుడు, పాన్ దుకాణమైనను ఇంతకంటె మర్యాదగా నడుచునని గంగ్వాల్‌గారు వ్రాసినారట. పాన్ దుకాణదారులు దీనిని మెప్పుగా తీసికొందురో, అవమానముగా తీసికొందురో తెలియదు.

సౌత్‌వెస్టువారు 1973లో ఒక మంచి పని చేసినారు. లాభములో ఉద్యోగులకు వాటా ఇచ్చు ఏర్పాటు పెట్టినారు. ఆ దేశపు విమాన కంపెనీలలో అది మొదటిదని చెప్పుదురు. పది నిమిషముల కళాసికి అది శాలువ కాదు, వసూలు. తరువాత ఆ కంపెనీకిని చెడ్డరోజులు రాకపోలేదు. 2022 డిసెంబరు చివర మంచు తుపాను వచ్చినప్పుడు, సిబ్బందిని ఏ విమానమునకు పంపవలెనో చూచు పాత కంప్యూటరు ఏర్పాటు చేతులెత్తివేసి, పది రోజులలో పదునారు వేలకు పైగా ప్రయాణములు రద్దయినవి. లాభపు రోజులలో ఆ ఏర్పాటును బాగుచేయకపోవుట కూడ ఒక తీర్చని బాకీయే.

మన దేశములో అటువంటిది నిరుడు చూచినాము. పైలట్లకు వారమునకు 36 గంటలున్న విశ్రాంతి 48 గంటలు కావలెనని, రాత్రివేళ ఒక్కొక్కరు దింపు విమానముల సంఖ్య ఆరు నుండి రెండుకు తగ్గవలెనని ప్రభుత్వము నిబంధన చేసినది. దీనిని 2024లోనే ప్రకటించి, 2025 నవంబరు 1 నుండి పూర్తిగా అమలు చేసినది. డిసెంబరు మొదటి వారమున ఇండిగో విమానములు కుప్పకూలిన గోడవలె నిలిచిపోయినవి. 5వ తేదీన ఒక్కనాడే వేయికి పైగా రద్దయినవి. పెండ్లివారు, రోగులు, పరీక్షలకు పోవు పిల్లలు విమానాశ్రయములలో నేలపై పడుకొన్నారు. చివరకు ప్రభుత్వమే ఆ కంపెనీకి నిబంధనను కొంతకాలము సడలింపవలసి వచ్చినది.

నాటివరకు ఆ కంపెనీ విజయమునకు కారణములుగా చెప్పినవి ఏవి? టోకు కొనుగోలు, ఒకే రకపు విమానములు, వేళ తప్పని రాకపోకలు. అవి అన్నియు నిజములే. కాని పైలట్లు నిద్రించు గంటలు కొన్ని పెరుగగానే ఆ యంత్రము ఆగిపోయినదన్నచో, ఆ లాభములో కొంత భాగము వారి నిద్రనుండి వచ్చినదని లెక్క తేలుచున్నది గదా. వారి పేర జమ వ్రాయక తప్పదు. అది డబ్బుతో తీరు బాకీ కూడ కాదు, గంటలలో తీర్చవలసినది. ఎక్కువ జీతమిచ్చుచున్నాము గదా అను సమాధానము ఇక్కడ చెల్లదు. అలసినవాడు నడుపు విమానములో కూర్చున్న నూట ఎనుబది మందికి ఆ జీతము అక్కరకు రాదు.

మన ఇండ్లలో కొందరు దీపావళినాడు క్రొత్త పుస్తకములకు పూజ చేయునప్పుడు మొదటి పుటలో వ్రాయు మాటలు ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నవి. గౌతమస్వామి లబ్ధి కలుగవలెను, అభయకుమారుని బుద్ధి కలుగవలెను, బాహుబలి బలము, శాలిభద్రుని సంపద, కయవన్న శ్రేష్ఠి సౌభాగ్యము కలుగవలెనని వ్రాయుదురు. ఒక్క బేరమైనను జరుగకముందే, రాబోవు లాభమునకు కావలసిన బుద్ధి ఒకరిదని, బలము మరియొకరిదని, భాగ్యము వేరొకరిదని పుస్తకములో పడినది. ఆ వరుసలో అంగడి యజమాని పేరు లేదు. చిన్నప్పుడు దీనిని ఆశీర్వాదమనుకొని చదివితిని. మా గుమాస్తా మాట విన్న తరువాత అది అప్పుల పట్టిక వలె కనబడుచున్నది.

ఇంకొక పద్దు మిగిలినది. దానిని విమాన కంపెనీల చరిత్రలు వ్రాయువారు తరచుగా వదలివేయుదురు. అది ప్రజల పద్దు. హైదరాబాదు సంస్థానములో 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ మొదలైన కంపెనీలను 1953లో ప్రభుత్వము తీసికొన్నది. ఆపై నలుబదియేండ్లు ప్రజల సొమ్ముతో విమానాశ్రయములు కట్టినారు, పైలట్లను, ఇంజనీర్లను తయారు చేసినారు. తరువాత వచ్చిన ప్రైవేటు కంపెనీలు కొంతవరకు ఆ పంటనే కోసికొన్నవి. ఎనుబది సీట్లకు లోపైన చిన్న విమానములకు దిగుడు రుసుము కూడ లేదు. ఎయిర్ డెక్కన్ మొదట నడిపినవి అట్టి చిన్న విమానములే.

మాకు దగ్గరి విమానాశ్రయము సేలము. ధర్మపురి నుండి సేలము పోవు దారిలో ఓమలూరు సమీపమున ఉన్నది. ఏండ్లకొలది అది ఖాళీగా ఎండిన రోజులే ఎక్కువ. 2018 మార్చిలో హైదరాబాదు తెలుగువారి కంపెనీ ట్రూజెట్ అక్కడనుండి చెన్నైకి విమానము నడిపినది. చెన్నైకి రాత్రియంతయు బస్సులో పోవు వర్తకులు గంటలో పోయినారు. అందరు ట్రూజెట్‌ను మెచ్చినారు, నేనును మెచ్చితిని. కాని ఆ టిక్కెట్టు చౌకగా ఉండుటకు కారణము ఉడాన్ పథకము. చిన్న ఊళ్ళ విమానములకు వచ్చు లోటును కొంతవరకు ప్రభుత్వము పూడ్చును. ఆ సొమ్ములో ఎక్కువ భాగము పెద్ద ఊళ్ళ మధ్య తిరుగు విమానములపై వేసిన సుంకము నుండి వచ్చును. కొంత రాష్ట్రము ఇచ్చును. అనగా బొంబాయి నుండి ఢిల్లీకి పోవు ఎవడో ముక్కుమొగము తెలియని ప్రయాణికుడు మా సేలము టిక్కెట్టులో కొంత చెల్లించినాడు. మా ఊరివాడు ఆ విమానమెక్కి కిటికీ ప్రక్క కూర్చుండి తన సంపాదనను తానే మెచ్చుకొన్నాడు.

ట్రూజెట్ కొన్నేండ్లే నడిచి 2022 నాటికి ఆగిపోయినది. 2023 అక్టోబరులో ఇండిగో, అలయన్స్ ఎయిర్ కంపెనీలు సేలమునుండి మరల విమానములు నడిపినవి. హైదరాబాదులో చుట్టములున్న మా తెలుగువారికి అది పెద్ద సౌకర్యమైనది. అందుకు ఇండిగోవారికి కృతజ్ఞత చెప్పుదము. అయితే 2018లో ఆ విమానాశ్రయమును పెంచుటకు భూములు కొలిచినప్పుడు, కామలాపురము, పొట్టిపురము, తుంబిపాడి, సిక్కనంపట్టి రైతులు తమ పొలములు పోవునని రోడ్డుపైకి వచ్చినారు. అవి మామిడి, కొబ్బరి, చెరకు పండు నేలలు. వారిలో కొందరి పంట మా జిల్లా మండీలకు వచ్చెడిది. ఏ కంపెనీ లాభనష్టముల పట్టికలోను ఆ నాలుగు ఊళ్ళ పేర్లు ఉండవు. విమానము దిగునప్పుడు ఎడమ ప్రక్క కూర్చున్నవారికి ఆ తోటలు కనబడునని సేలములోని ఒక బియ్యపు వర్తకుడు నాతో అన్నాడు.